మీకు తెలుసా? గీజర్ కొనే ముందు బకెట్‌ను కొలవండి

చలి మొదలయ్యేసరికి ఎలక్ట్రికల్ షాపుల ముందు గీజర్ పెట్టెలు బారులు తీరతాయి. "ఎన్ని లీటర్లది కావాలి సార్?" అని షాపతను అడిగితే చాలామందిమి "మామూలుది ఇవ్వండి" అనేస్తాం. కానీ మామూలు ఇల్లంటూ ఒకటి ఉండదు. నలుగురూ ఒకే వేళకు బడికీ ఆఫీసుకూ బయల్దేరే ఇల్లు వేరు, పెద్దవాళ్ళు ఇద్దరే ఉండే ఇల్లు వేరు. నది నీళ్ళు వచ్చే వీధి వేరు, బోరు నీళ్ళే దిక్కైన కాలనీ వేరు. ఒకసారి బిగించాక ఏళ్ళ తరబడి గోడ మీద ఉండిపోయే వస్తువు ఇది. రోజూ కరెంటు తాగుతుంది, రోజూ ఇంటిల్లిపాది ఒంటి మీద పడే నీళ్ళు ఇస్తుంది. అందుకే కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని.

గీజర్ అసలు యంత్రం పేరు కాదు

ఐస్‌లాండ్‌లోని ఒక లోయలో ఉండుండి ఆకాశంలోకి వేడినీళ్ళు చిమ్మే బుగ్గ ఉంది. దాని పేరు గేసిర్. ఉబికి పొంగడం అనే అర్థమున్న మాట నుంచి పుట్టిన పేరది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం తయారుచేసి, దానికి ఆ బుగ్గ పేరే పెట్టారు. అది ఇప్పటి ఇన్‌స్టంట్ గీజర్‌కు ముత్తాత. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, నార్వే నుంచి వెళ్ళిన ఇంజనీరు ఎడ్విన్ రూడ్, నీళ్ళను ట్యాంకులో నిలవ ఉంచి తనంతట తానే వేడిచేసే యంత్రాన్ని రూపొందించారు. అది స్టోరేజ్ గీజర్‌కు ముత్తాత. ఇవాళ షాపులో మనం ఎంచుకునే రెండు రకాలూ 130 ఏళ్ళ కిందటే పుట్టాయన్నమాట.

పెరటి రాగి బాయిలర్‌లో తెలివి ఎక్కడుంది?

మన ఇళ్ళ పెరళ్ళలో ఒకప్పుడు మూడు రాళ్ళ పొయ్యి మీద నీళ్ళ కాగు ఉండేది. మంట సగం పక్కలకే పోయేది. తర్వాత రాగి బాయిలర్ వచ్చింది. దాని మధ్యలో నిలువుగా ఒక గొట్టం, అందులో బొగ్గులో పుల్లలో మండుతుంటాయి, చుట్టూ నీళ్ళు. మంటకు నాలుగు వైపులా నీళ్ళే కాబట్టి వేడి వృథాగా బయటికి పోయే దారి తగ్గింది. పశ్చిమ దేశాల్లో గ్యాస్‌తో నడిచే పెద్ద ట్యాంకు హీటర్లు చాలావాటిలో ఇప్పటికీ మధ్యలో పొగగొట్టం, చుట్టూ నీళ్ళు అనే ఏర్పాటే ఉంటుంది. ఏ హీటర్ మంచిదన్న ప్రశ్నకు మూలసూత్రం ఆ బాయిలరే చెబుతోంది. పుట్టిన వేడిలో ఎంత నీళ్ళకు చేరింది, ఎంత గాలిలో పోయింది అన్నదే చూడాలి.

ఒక బకెట్ వేణ్ణీళ్ళకు ఎంత కరెంటు?

ఒక లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో కేలరీల వేడి ఉంటుంది. ఈ రెండు అంకెలూ గుర్తుంటే మిగతా లెక్కంతా చేతిలో ఉన్నట్టే.

ట్యాంకు నీళ్ళు 25 డిగ్రీలు, మనకు స్నానానికి హాయిగా ఉండేది 40 డిగ్రీలు అనుకుందాం. 20 లీటర్ల బకెట్‌ను 15 డిగ్రీలు పెంచాలి. అంటే 300 కిలో కేలరీలు, యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్ చొప్పున రోజుకు సుమారు యూనిట్‌న్నర. కాయిల్‌తో పనిచేసే ఏ కరెంటు హీటరైనా, రాడ్ కానీ ఇన్‌స్టంట్ కానీ స్టోరేజ్ కానీ, ఈ లెక్కను దాటి ఒక్క బొట్టు కూడా ఎక్కువ ఇవ్వలేదు. మామూలు కాయిల్ గీజర్‌ను చూపించి "సగం కరెంటుతోనే బకెట్ కాచేస్తుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మకండి.

15 లీటర్ల గీజర్ 35 లీటర్లు ఎలా ఇస్తుంది?

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న సామెతను సంసారం ఖర్చుల గురించి వాడుతుంటాం. గీజర్ ఎంపికకు అది అక్షరాలా వర్తిస్తుంది. గీజర్ లోపల నీళ్ళు 60 డిగ్రీలకు కాగుతాయి. ఆ నీళ్ళతో ఎవరూ నేరుగా స్నానం చేయరు, చన్నీళ్ళు కలుపుకుంటారు. 15 లీటర్ల 60 డిగ్రీల నీళ్ళకు 25 డిగ్రీల నీళ్ళు తోడైతే 40 డిగ్రీల నీళ్ళు 35 లీటర్లు అవుతాయి. అదే 25 లీటర్ల గీజరైతే దాదాపు 58 లీటర్లు.

ఇది కాగితం మీది లెక్క. గీజర్‌లోంచి వేణ్ణీళ్ళు బయటికి వస్తుంటే వెనకాల చన్నీళ్ళు లోపలికి చేరుతుంటాయి కాబట్టి ఆఖరి లీటర్లు కాస్త చల్లబడే వస్తాయి. చలి ముదిరి ట్యాంకు నీళ్ళు 18 డిగ్రీలకు దిగితే ఆ 35 లీటర్లు 29కి పడిపోతాయి. అందుకే ఆదిలాబాద్‌లో, లంబసింగి వైపు ఉండేవాళ్ళు విశాఖ తీరంలో ఉండేవాళ్ళకన్నా ఒక మెట్టు పెద్ద గీజర్ తీసుకోవడం మేలు.

భోగి నాటి పరీక్ష

రోజూ ఒక్కొక్కరూ ఒక్కో వేళకు స్నానం చేసే ఇంట్లో చిన్న గీజరైనా సరిపోతుంది. భోగి నాడు తెల్లవారకముందే నలుగు పెట్టుకుని పిల్లలూ పెద్దలూ వరసగా తలంటి పోసుకునేటప్పుడు దాని అసలు బలం బయటపడుతుంది. 2 కిలోవాట్ల కాయిల్ ఉన్న 15 లీటర్ల గీజర్, ఖాళీ అయ్యాక మళ్ళీ 25 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి 18 నిమిషాలు తీసుకుంటుంది. 25 లీటర్లదైతే అరగంట. ఒకరి స్నానానికీ మరొకరి స్నానానికీ మధ్య మీ ఇంట్లో ఎంత ఎడం ఉంటుందో చూసుకోండి. ఇరవై నిమిషాల ఎడం ఉంటే 15 లీటర్లది నలుగురికీ సాగుతుంది. ఒకరి వెనక ఒకరు వెళ్ళేవాళ్ళయితే 25 తీసుకోండి.

బకెట్టా, షవరా?

కొనే ముందు ఇంట్లో ఈ ఒక్క ప్రశ్న తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. బకెట్ స్నానానికి 20 లీటర్లు చాలు. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే 64 లీటర్లు. అంటే షవర్ అలవాటున్న ఒక్కరు, బకెట్‌తో పోసుకునే ముగ్గురితో సమానం. బాత్‌టబ్ గురించి చెప్పనే అక్కర్లేదు, 25 లీటర్ల గీజర్ దాన్ని సగం కూడా నింపలేదు.

ఇన్‌స్టంట్ గీజర్‌కు ఓపిక కావాలి

పేరులో తక్షణం ఉంది కానీ, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నిమిషానికి ఇవ్వగలిగే వేడి 43 కిలో కేలరీలే. 25 డిగ్రీల నీళ్ళను 40 చేయాలంటే నిమిషానికి మూడు లీటర్లకన్నా తక్కువే వస్తాయి. బకెట్ నిండటానికి ఏడు నిమిషాలు, గడ్డు చలిలో పది. అందుకే కుళాయి సన్నగా తిప్పితే వేడిగా, పూర్తిగా తిప్పితే గోరువెచ్చగా వస్తాయి. దాని లోపం కాదది, లెక్కే అంత. షవర్‌కు నిమిషానికి 8 లీటర్లు కావాలంటే 8 కిలోవాట్లు దాటిన శక్తి ఉండాలి, మామూలు ఇంటి వైరింగ్ అంత మోయదు.

మరి ఇది ఎవరికి మంచిది? వంటింటి సింకు దగ్గర గిన్నెలు కడగడానికి, చేతులు కడుక్కునే బేసిన్‌కు, బకెట్ కింద పెట్టి ఈలోపు పళ్ళు తోముకునే ఒంటరి మనిషికి చక్కగా సరిపోతుంది. నీళ్ళను నిలవ ఉంచదు కాబట్టి వేడి ఊరికే చల్లారిపోయే నష్టం దాదాపు ఉండదు.

స్టార్ గుర్తు దేనికి ఇస్తారు?

చాలామంది అనుకునేట్టు, త్వరగా కాచినందుకు కాదు. స్టోరేజ్ గీజర్ మీద, కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లేబుల్‌లో ఉండే స్టార్లు ఒక్క విషయానికే. కాగిన నీళ్ళను వాడకుండా అలాగే 24 గంటలు ఉంచితే ఎంత వేడి ట్యాంకు గోడల్లోంచి జారిపోయిందన్నదే వాటి కొలత. ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్ పొర ఎంత మందంగా, ఎంత నాణ్యంగా ఉంటే అన్ని స్టార్లు. ఆ నష్టం ఎన్ని యూనిట్లో లేబుల్ మీదే అచ్చువేస్తారు. ఒకే సైజు గీజర్లు రెండు పక్కపక్కన పెట్టి ఆ అంకెను పోల్చి చూడండి.

స్విచ్ వేసి, కాగగానే స్నానం చేసి, కట్టేసే ఇంట్లో స్టార్ల వల్ల వచ్చే తేడా తక్కువ. పొద్దుటి నుంచి రాత్రి దాకా స్విచ్ ఆన్‌లోనే ఉండే ఇంట్లో మాత్రం ఐదు స్టార్లది కొనడం తప్పనిసరి అనుకోండి. స్విచ్ కట్టేసే అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. "మళ్ళీ మళ్ళీ కాచడం కన్నా ఆన్‌లో ఉంచడమే చవక" అన్న మాట నిజం కాదు. వేడిగా ఉన్నంతసేపూ ట్యాంకు వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది.

బోరు నీళ్ళ ఇళ్ళకు వేరే గీజర్

కుళాయి మూతి చుట్టూ తెల్లటి మచ్చలు, సబ్బు సరిగా నురగ రాకపోవడం మీ ఇంట్లో ఉన్నాయా? అయితే మీవి కాఠిన్యం ఎక్కువున్న నీళ్ళు. కాచినప్పుడు అందులోని కాల్షియం, రాతిలా గట్టిపడి కాయిల్‌ను చుట్టుకుంటుంది. ఆ పొర మందమైన కొద్దీ కాయిల్ వేడి నీళ్ళకు చేరక, కాయిలే మాడిపోతుంది. 60 డిగ్రీలు దాటితే ఈ పేరుకోవడం ఇంకా వేగంగా జరుగుతుంది కాబట్టి వేడిని నిర్ణయించే మీట, థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పకండి.

ఇలాంటి నీళ్ళకు లోపల గాజుపూత ఉన్న ట్యాంకు నయం. దాంతోపాటు మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ఆనోడ్ రాడ్ అంటారు. తుప్పు ముందు ఆ కడ్డీని తింటుంది, అది ఉన్నన్నాళ్ళూ ట్యాంకు జోలికి రాదు. కడ్డీ అరిగిపోయిన సంగతి బయటికి తెలియదు. ఏడాదికోసారి సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు విప్పి చూపించమని అడగండి. కొత్త కడ్డీ ఖర్చు కొత్త గీజర్ ధరలో చిన్న భాగమే. ట్యాంకు చిల్లుపడ్డాక మాత్రం బాగుచేసే దారి ఉండదు.

మీరుండేది ఎన్నో అంతస్తు?

ట్యాంకు నీటి మట్టం మీ గీజర్‌కు పది మీటర్ల ఎత్తున ఉంటే గీజర్ మీద సుమారు ఒక బార్ ఒత్తిడి పడుతుంది. ట్యాంకుకు పది అంతస్తుల కింద ఉన్న ఇంటికి మూడు బార్లు, ఇరవై అంతస్తుల కింద ఆరు. ఆ పైన ప్రెషర్ పంపు ఉంటే దాని ఒత్తిడి అదనం. గీజర్ ఒంటి మీద అది ఎన్ని బార్లు ఓర్చుకుంటుందో రాసి ఉంటుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో, పంపు ఉన్న ఇళ్ళలో 8 బార్లది అడిగి తీసుకోండి.

పై అంతస్తు వాళ్ళకు దీనికి తిరగేసిన చిక్కు. ట్యాంకు నెత్తి మీదే ఉండటం వల్ల ఒత్తిడి చాలదు. గ్యాస్ గీజర్ నీళ్ళ వేగాన్ని బట్టే వెలుగుతుంది. ధార సన్నగా ఉంటే అసలు అంటుకోదు.

గ్లాసెడు నీళ్ళు కారితే భయపడకండి

నీళ్ళు వేడెక్కితే పెరుగుతాయి. 15 లీటర్ల నీళ్ళు 25 నుంచి 60 డిగ్రీలకు వెళితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతాయి, అంటే ఒక గ్లాసు. ఆ గ్లాసెడు ఎక్కడికి పోవాలి? గీజర్ కింద ఉండే సేఫ్టీ వాల్వ్ నుంచి బొట్లు బొట్లుగా బయటికి వస్తాయి. అది లీకు కాదు, గీజర్ ప్రాణం కాపాడే ఏర్పాటు. కారుతోందని ఎంసీల్ పెట్టి మూసేయడం, మూత బిగించేయడం చాలా ప్రమాదం. స్విచ్ కట్టేసి, నీళ్ళు చల్లారాక కూడా ధార ఆగకపోతే అప్పుడు ప్లంబర్‌ను పిలవండి.

నిలువుదా, అడ్డంగా ఉండేదా?

వేణ్ణీళ్ళు తేలిక, పైకి చేరతాయి. చన్నీళ్ళు బరువు, కింద ఉండిపోతాయి. నిలువు ట్యాంకులో ఈ రెండు పొరలూ విడివిడిగా నిలబడతాయి కాబట్టి పైనుంచి తీసుకున్న నీళ్ళు చివరిదాకా వేడిగా వస్తాయి. అడ్డంగా ఉండే ట్యాంకులో పొరలు త్వరగా కలిసిపోతాయి. ఒకే సైజు అయినా నిలువుది కాస్త ఎక్కువ ఇస్తుంది. అటక కింద చోటు తక్కువైతేనే అడ్డంది తీసుకోండి. నిలువుదాన్ని అడ్డంగా బిగించడం మాత్రం ఎన్నడూ వద్దు, లోపలి కాయిల్, గొట్టాలు దానికోసం పెట్టినవి కావు.

60 డిగ్రీలు ఎందుకు?

1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభ జరిగింది. వచ్చినవాళ్ళు చాలామంది వింత న్యుమోనియాతో జబ్బుపడ్డారు. దానికి కారణమైన బ్యాక్టీరియాకు ఆ సంఘం పేరు మీదే లీజియోనెల్లా అని పేరు. గోరువెచ్చగా నిలవ ఉండే నీళ్ళు దానికి ఇష్టమైన చోటు, 60 డిగ్రీల దగ్గర అది చచ్చిపోతుంది. కరెంటు ఆదా అవుతుందని స్టోరేజ్ గీజర్‌ను రోజుల తరబడి 40 డిగ్రీల దగ్గరే ఉంచడం మంచిది కాదనడానికి కారణం ఇదే.

అయితే 60 డిగ్రీల నీళ్ళు ఐదు సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. 49 డిగ్రీలైతే పెద్దవాళ్ళకు అంత గాయానికి ఐదు నిమిషాలైనా పడుతుంది. పసిపిల్లల చర్మం ఇంకా పలుచన. కాబట్టి బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాతే వేణ్ణీళ్ళు కలపండి. ఈ వరస ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల వద్దు

నిమిషానికి ఆరు లీటర్ల వేణ్ణీళ్ళు, కరెంటు పోయినా పని ఆగదు. లెక్క ప్రకారం 14.2 కిలోల సిలిండర్‌తో 400 దాకా బకెట్లు కాచుకోవచ్చు. గ్యాస్ గీజర్ మీద మక్కువ కలగడంలో వింత లేదు. కానీ మాన్ తయారుచేసిన మొదటి గీజర్‌కు పొగ బయటికి పోయే గొట్టం లేదు. ఒకటిన్నర శతాబ్దం గడిచినా మన బాత్‌రూముల్లో చాలాచోట్ల అదే తప్పు జరుగుతోంది.

మూసిన చిన్న గదిలో మంట మండితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు గ్యాస్ పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, కళ్ళు తిరుగుతాయి, గడియ తీసేందుకు కూడా ఓపిక లేకుండా పడిపోతారు. ఇలా బాత్‌రూముల్లో స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం ఎంత తరచుగా చూశారంటే, మన దేశపు వైద్యులు దానికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు.

గ్యాస్ గీజరే కావాలంటే దాన్ని బాల్కనీలోనో పెరటి గోడకో బిగించి, వేణ్ణీళ్ళ పైపును మాత్రమే లోపలికి తీసుకురండి. ఇప్పటికే లోపల ఉన్నట్టయితే ఈ వారమే బయటికి మార్పించండి. అప్పటిదాకా తలుపు తీసి ఉంచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, గాలి ఆడనిచ్చాకే స్నానానికి వెళ్ళండి. వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టకండి.

హీటర్ రాడ్‌తో జాగ్రత్త

చవక, ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, వేడంతా నీళ్ళకే చేరుతుంది. అద్దె గదుల్లో ఉండే విద్యార్థులకు రాడే ఆధారం. కానీ దాని పై తొడుగు పగిలితే కరెంటు నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు కాగాయా లేదా అని వేలు ముంచి చూసే అలవాటే ఏటా ప్రాణాలు తీస్తోంది. స్విచ్ కట్టి, ప్లగ్ పీకి, ఆ తర్వాతే నీళ్ళు ముట్టుకోండి. ఇనుప బకెట్, అల్యూమినియం బకెట్ వద్దు. రాడ్‌ను నీళ్ళలో పెట్టాకే స్విచ్ వేయాలి, పిల్లలు తిరిగే చోట అసలు పెట్టకూడదు. ఐఎస్‌ఐ ముద్ర దగ్గర ఒక సంఖ్య ఉంటుంది. రాడ్‌కు అది ఐఎస్ 368, స్టోరేజ్ గీజర్‌కు ఐఎస్ 2082, ఇన్‌స్టంట్‌కు ఐఎస్ 8978. ముద్ర లేని రాడ్ ఎంత చవకైనా కొనకండి.

ఎండను రాత్రికి దాచిన మనిషి

1891లో బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే ఆయన సూర్యుడితో నీళ్ళు కాచే పెట్టెకు పేటెంట్ తీసుకున్నారు. చిక్కల్లా ఏమిటంటే ట్యాంకు కూడా ఎండలోనే ఉండేది, పొద్దుగూకగానే నీళ్ళు చల్లారిపోయేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండ తగిలే భాగాన్ని, నీళ్ళు దాచే ట్యాంకును విడదీసి, ట్యాంకు చుట్టూ వేడి పోకుండా పొర కట్టారు. దానికి ఆయన పెట్టిన పేరు పగలూ రాత్రీ అన్న అర్థం వచ్చే డే అండ్ నైట్. ఇప్పుడు మన డాబాల మీద కనిపించేవి ఆ పద్ధతివే. వేడెక్కిన నీళ్ళు తేలికై తమంతట తామే ట్యాంకులోకి ఎక్కుతాయి, పంపు అక్కర్లేదు.

వంద లీటర్ల సోలార్ హీటర్ ఒక మంచి ఎండ రోజున నీళ్ళను 25 నుంచి 60 డిగ్రీలకు తెస్తే, అది నాలుగు యూనిట్ల కరెంటుతో సమానం. రాగి గొట్టాల పలకలది మంచినీళ్ళున్న ఇంటికి బాగుంటుంది. బోరు నీళ్ళకు ఆ సన్నటి గొట్టాలు ఉప్పుతో పూడిపోతాయి, అక్కడ గాజు గొట్టాలదే నయం. ఆ గాజు గొట్టానికి రెండు గోడలు, మధ్య శూన్యం, మన ఫ్లాస్క్ లాగే. ఒక జాగ్రత్త ఉంది. గొట్టాలు ఖాళీగా ఉండి మిట్టమధ్యాహ్నం ఎండకు కాలిపోయి ఉన్నప్పుడు చన్నీళ్ళు వదిలితే అవి పగులుతాయి. తెల్లవారుజామునో, పొద్దుగూకాకో నింపండి.

పలకలు దక్షిణం వైపు చూడాలి. పక్కింటి గోడ నీడ, నీళ్ళ ట్యాంకు నీడ పడకూడదు. ముసురు రోజుల కోసం లోపల కాయిల్ పెట్టించుకుంటే దాని స్విచ్ సాయంత్రం, నీళ్ళు చాలినంత వేడెక్కలేదని చూసుకున్నాకే వేయండి. పొద్దున్నే వేస్తే ఎండ ఉచితంగా చేయబోయే పనికి మీరు ముందే డబ్బు కట్టినట్టు.

పైపులో ఆగిపోయిన వేణ్ణీళ్ళు

డాబా మీద ట్యాంకు నుంచి కింది బాత్‌రూమ్‌కు ముప్పావు అంగుళం పైపు 25 మీటర్లు ఉంటే, అందులోనే 6 నుంచి 8 లీటర్ల నీళ్ళు నిలిచి ఉంటాయి. కుళాయి తిప్పగానే ముందు వచ్చేవి ఆ చల్లారిన నీళ్ళే. వాటిని పారబోయకుండా ఇంకో బకెట్లో పట్టండి, అవే చన్నీళ్ళుగా తోడవుతాయి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు బాత్‌రూములన్నీ ఒకే నిలువు వరసలో వచ్చేలా చూసుకుని, వేణ్ణీళ్ళకు సీపీవీసీ పైపులు వేయించి, వాటి మీద వేడి పోని తొడుగు పెట్టిస్తే రోజూ ఆ మేరకు నీళ్ళూ వేడీ మిగులుతాయి.

ఫ్రిజ్‌ను తిరగేస్తే హీట్ పంప్

ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది కదా? లోపలి వేడిని లాగి బయటికి వదులుతోందన్నమాట. హీట్ పంప్ వాటర్ హీటర్ బయటి గాలిలోని వేడిని అలాగే లాగి నీళ్ళలోకి వదులుతుంది. వేడిని పుట్టించడం కన్నా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం తేలిక, అందుకే ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి అందుతుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే దానికి అంత హాయి. మన తెలుగు నేల దానికి అచ్చంగా సరిపోతుంది. ధర ఎక్కువ, గాలాడే చోటు కావాలి, కాస్త చప్పుడు చేస్తుంది. ఏడెనిమిది మంది ఉండే ఇల్లు, హాస్టల్, డాబా మీద నీడ పడి సోలార్ కుదరని అపార్ట్‌మెంట్ అయితే ముందుగా దీన్నే పరిశీలించండి.

వైరు సంగతి చివరగా కాదు, మొదటే

2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ 13. ఫోన్ ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్ దానికి పనికిరాదు. 16 ఆంపియర్ల సాకెట్, దాని ఒక్కదానికే విడిగా లాగిన మందపాటి వైరు, లోడ్ మించితే కరెంటు ఆపే ఎంసీబీ విడిగా ఉండాలి. ఇంటికి మంజూరైన లోడ్ ఎంతో కరెంటు బిల్లు మీదే ఉంటుంది. రెండు ఇన్‌స్టంట్లు ఒకేసారి నడిపితే ఒక్కసారిగా 6 కిలోవాట్లు. అన్నిటికన్నా ముఖ్యం ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి మనిషిలోంచి పోబోతే, రెప్పపాటులో సరఫరాను కోసేస్తుంది. గీజర్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా ఇది పెట్టించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూపించుకోండి.

షాపుకు వెళ్ళే ముందు ఒక కాగితం

ఆరు సంగతులు రాసుకోండి. పొద్దున ఒకే గంటలో స్నానం చేసేది ఎంతమంది? బకెట్టా, షవరా? నది నీళ్ళా, బోరు నీళ్ళా? ట్యాంకుకు ఎన్ని మీటర్ల కింద ఉన్నాం? డాబా మీద ఎండ మనదేనా? ఇంట్లో పసివాళ్ళు, ముసలివాళ్ళు ఉన్నారా?

బకెట్ స్నానాలు, ఒకటి రెండు బాత్‌రూములు, అద్దె ఫ్లాటు అయితే 15 లీటర్ల నిలువు స్టోరేజ్ గీజర్ చాలు. ఒకరి వెనక ఒకరు, షవర్ అలవాటు అయితే 25. సొంత డాబా, మంచి ఎండ ఉంటే సోలార్. పెద్ద కుటుంబం, డాబా మీద చోటు లేకపోతే హీట్ పంప్. వంటింటికి ఇన్‌స్టంట్. గ్యాస్‌ది ఏదైనా సరే గోడకు అవతల.

"ఎన్ని లీటర్లది కావాలి?" అని షాపతను అడిగినప్పుడు ఆ కాగితం తీసి చూపించండి. జవాబు మీ ఇంటి బకెట్ ఎప్పుడో చెప్పేసింది.